ఏడో బావి సీసా

నేను ఒక గాజు సీసాను. లీటరు పడతాను. మూతి వెడల్పు, మూత ఇనుముది, మూత లోపల రబ్బరు బిళ్ల ఉంటుంది. నా ఒంటి మీద తెల్ల రంగుతో ఏడు అంకె వేశారు. అది వేసిన రోజు నుంచి నేను ఏడో బావి సీసానయ్యాను. అంతకు ముందు నేను ఎవరి సీసానూ కాను.

పుట్టింది ఉత్తరాదిన, ఒక గాజు కొలిమిలో. ఇసుకనీ సోడానీ సున్నాన్నీ కలిపి కరిగించారు. ఒక మనిషి ఇనప గొట్టం చివర నన్ను ముద్దగా ఎత్తి, అచ్చులో పెట్టి ఊదాడు. అతని ముఖం నాకు గుర్తు లేదు. ఊపిరి మాత్రం నాలో ఉండిపోయింది. నా అడుగున ఒక బుడగ ఉంది, వెలుతురులో పెడితే కనిపిస్తుంది. నాతో పుట్టినవాటిలో కొన్ని పచ్చళ్లకు పోయాయి, కొన్ని మందులకు పోయాయి. నన్ను గడ్డిలో చుట్టి, పెట్టెలో పెట్టి, రైలెక్కించి గోదావరి జిల్లాకు పంపారు. దించేటప్పుడు రెండు సీసాలు పగిలాయి. వాటి గురించి ఎవరూ అడగలేదు.

నా పని చెప్పాలంటే భూమి కింద సంగతి కొంత చెప్పాలి. నేల అడుగున ముడి నూనె చెరువులా ఉంటుందని చాలామంది అనుకుంటారు. ఉండదు. ఇసుక గట్టిపడి రాయి అయిన చోట, రేణువుకూ రేణువుకూ మధ్య సందుల్లో ఉంటుంది. నేను ఇసుకలోంచి వచ్చినదాన్ని కాబట్టి నాకు ఇది తేలిగ్గానే అర్థమైంది. బావి తవ్విన కొత్తలో ఆ నూనె తనంతట తనే పైకి తన్నుకొస్తుంది. కొన్నేళ్లకు లోపలి ఒత్తిడి తగ్గుతుంది. అప్పటికి పైకి వచ్చింది కొంతే. మిగిలినదంతా ఇసుకను పట్టుకుని కిందే ఉండిపోతుంది. దాన్ని కదపాలంటే వెనక నుంచి తొయ్యాలి. తొయ్యడానికి నీళ్లు వాడతారు. కొంత దూరంలో ఇంకో బావి తవ్వి, పంపు పెట్టి, నీళ్లను కిందికి దించుతారు. ఆ నీళ్లు రాతిలోంచి నడిచి, ముందున్న నూనెను తోసుకుంటూ ఇవతలి బావి దాకా రావాలి. ఊళ్లోవాళ్లు ఒకదాన్ని నూనె బావి అంటారు, రెండోదాన్ని నీళ్ల బావి అంటారు.

నూనె చిక్కన, నీళ్లు పల్చన. నిదానంగా దించితే నీళ్లు చెప్పిన పని చేస్తాయి. గట్టిగా దించితే సందు వెతుక్కుని, నూనెను పక్కన వదిలేసి ముందుకు పరిగెడతాయి. ఒకసారి దారి పడిందంటే ఇక ఆ దారినే వస్తాయి. అప్పుడు నూనె బావిలోంచి వచ్చేది నీళ్లే. అలా జరగకుండా నీళ్లలో జిగురు మందు కలిపి, చిక్కబరిచి పంపే పద్ధతి ఒకటుంది. చిక్కబడిన నీళ్లు తొందరపడవు.

ఏ బావిలో నూనె ఎంతో, నీళ్లెంతో తెలుసుకోవడం ఎలా? ఏడు బావుల సరుకు నూనె పోగుచేసే స్టేషనులో ఒకే ట్యాంకులో కలుస్తుంది. కలిశాక ఎవరి వాటా ఏదో ఎవరికీ తెలియదు. అందుకని ప్రతి సోమవారం ఒక్కో బావి దగ్గర ఒక్కో సీసా నింపి ల్యాబుకు తెస్తారు. రెండు చుక్కల మందు వేసి కదపకుండా ఉంచితే నీళ్లు కిందికి, నూనె పైకి చేరతాయి. మధ్యలో గీత పడుతుంది. గీత కింద ఉంటే బావి బాగుందని, గీత నా మెడ వైపు ఎక్కుతోందంటే బావి పోతోందని అర్థం. నాకు మూతి ఉంది గాని మాట లేదు. చెప్పగలిగింది ఆ గీత ఒక్కటే.

ఏడో బావి నడిమిలంకలో ఉంది. గోదావరి పాయకూ సముద్రానికీ మధ్య ఊరు, కాలువకు ఆఖరి ఊరు. మంచినీళ్లు రోజుకు ఒక గంట కుళాయిలో వస్తాయి. కాలువ అవతల నీళ్ల బావి పంపు మాత్రం ఎప్పుడూ ఆగదు. అక్కడ దించేవి తాగే నీళ్లు కావు. నూనెతో పాటు పైకి వచ్చిన ఉప్పునీళ్లనే వడగట్టి మళ్లీ కిందికి పంపుతారు. ఈ సంగతి ఎన్నిసార్లు చెప్పినా కుళాయి దగ్గర బిందెలు పెట్టుకుని కూర్చున్నవాళ్లు నమ్మరు. పంపు చప్పుడు వాళ్లకూ వినిపిస్తుంది మరి.

పెచ్చెట్టి ఏడుకొండలు ఆ బావికి కాపలా మనిషి. శాంపిల్ పట్టేదీ అతనే. బావి ఉన్న తోట అతని తండ్రిది. బావి కోసం అరవై కొబ్బరిచెట్లు కొట్టేశారు. గేటు పక్కన ఒకటి మిగిలింది, అది కూడా కంచె వేసినవాళ్లు కొలత తప్పడం వల్ల. తోట ఇచ్చిన ఇంట్లో ఒకరికి బావి దగ్గర కాంట్రాక్టు పని అన్నారు. బావి పారినన్నాళ్లే పని. బావి మూస్తే పని పోతుంది, పనితో పాటు వచ్చే వైద్యం కార్డు పోతుంది. ఇది మొదటే చెప్పారు. వినేటప్పుడు ఎవరూ దాన్ని పట్టించుకోలేదు, ఎందుకంటే ఆ రోజుల్లో బావి రాత్రీ పగలూ పారేది.

దసరాకు ఏడుకొండలు బావి మీది ఇనప తలను కడిగి పసుపు కుంకుమలు పెట్టేవాడు. నాకూ ఒక బొట్టు పెట్టేవాడు. ల్యాబుకు చేరేసరికి అది ఎవరో ఒకరి చేతికి అంటుకుని పోయేది.

శాంపిల్ పట్టడానికి ఒక పద్ధతి ఉంది. పారే గొట్టం మీద మూరెడు ముక్క నిలువుగా లేచి ఉంటుంది, దాని చివర కుళాయి. ఆ మూరెడులో సరుకు వారమంతా కదలకుండా నిలిచి ఉంటుంది. నిలిచిన చోట నూనె పైకి తేలి చేరుతుంది. కుళాయి తిప్పగానే ముందు వచ్చేది అదే. దాన్ని బకెట్టులోకి వదిలెయ్యాలి. గొట్టంలో పారుతున్నది వచ్చేదాకా వదిలి, అప్పుడు సీసా పెట్టాలి. ఏడుకొండలు వదిలేవాడు. వాన పడుతున్నా, ఎండ కాస్తున్నా బకెట్టు పక్కన గొంతుక్కూర్చుని, చూసి చూసి, అప్పుడు నన్ను పెట్టేవాడు.

జీపు డ్రైవరు కొల్లాబత్తుల ఏలియా వచ్చి సీసాలను చెక్కపెట్టెలో సర్దుకునేవాడు. నూనే నీళ్లూ విడిపోకముందు నాలో ఉన్నది కాఫీ రంగులో ఉంటుంది.

"ఏం బాబాయ్, నీ బావి ఇయ్యాల నూనిచ్చిందా, కాపీ ఇచ్చిందా?" అనేవాడు.

"కాపీ కావాలంటే కొట్టుకెల్లరా. పెట్టె మెల్లిగా పట్టుకెల్లు. మొన్న మూత వొదులు చేసేసేవు."

మధ్యాహ్నం మంగాయమ్మ క్యారేజీ తెచ్చేది. ఏడుకొండలు భార్య. మిగిలిన ఆ ఒక్క కొబ్బరిచెట్టు కింద కూర్చుని మూతలు తీసేది. బావి గురించి ఆమె ఒకటే మాట అనేది, ఎవరు వింటున్నా అదే.

"మా మావ అరవై సెట్లిచ్చేడు ఏలియా. కంపినీ ఒక గేటిచ్చింది. ఆ గేటికి తాళం ఏసే పని మా ఆయనకిచ్చింది."

"ఊరుకోవే. జీపోడు ఇంటన్నాడు," అనేవాడు ఏడుకొండలు.

"ఇననీ. ఆ జీపు కూడా మన తోట మీంచే కదా ఎల్తంది."

ఏలియా నవ్వేవాడు. ఏడుకొండలు అన్నం కలుపుకునేవాడు. చేతులు ఎంత తోముకున్నా నూనె వాసన పోదు. "మీ బావి కూడా తింటందా మనతో?" అనేది మంగాయమ్మ.

ఒక ఏడాది ఆమె కాళ్లు వాచాయి. తర్వాత ముఖం వాచింది. ఊళ్లో ఒంటికి నీరు పట్టిందన్నారు. అమలాపురంలో ఆమె నుంచి కూడా ఒక సీసాడు పట్టి ల్యాబుకు పంపారని ఏడుకొండలు ఏలియాకు చెబుతుంటే విన్నాను. మనుషులు కూడా తమ లోపల ఏముందో తెలుసుకోవడానికి సీసాలనే అడుగుతారని నాకు అప్పుడు తెలిసింది. కిడ్నీలు పనిచెయ్యడం లేదన్నారు. వారానికి రెండుసార్లు రక్తం కడగాలన్నారు. కార్డు చూపిస్తే కడిగారు. కార్డు లేకపోతే ఏమవుతుందో ఏడుకొండలు ఎవరినీ అడగలేదు.

అదే ఏడాది నాలో గీత పైకి జరగడం మొదలైంది.

"మూడో బావి మూసేత్తన్నారంట బాబాయ్," అన్నాడు ఏలియా ఒక సోమవారం. "సీసాడూ నీళ్లేనంట. ఆ బావి మనిషి రొయ్యల సెరువు కాడ కాపలాకి కుదిరేడు."

"కార్డో?"

"లాగేసుకున్నారు. బావి లేందే కార్డేటి?"

ఏడుకొండలు నన్ను ఎత్తి వెలుతురుకు పట్టాడు. నూనే నీళ్లూ ఇంకా విడిపోలేదు. గీత ఎక్కడ పడుతుందో అతనికి తెలుసు.

"బావికీ నీరే, ఇంట్లో దానికీ నీరే," అన్నాడు. ఏలియా ఆ రోజు కాఫీ మాట ఎత్తలేదు.

తర్వాత వచ్చిన వానాకాలంలో ఒక సోమవారం. జీపు గేటు దగ్గర ఆగి ఉంది. పక్కింటి ఆమె గట్టు మీద పరిగెత్తుకుంటూ వచ్చి, మంగాయమ్మకు ఊపిరి అందడం లేదని చెప్పింది. ఏడుకొండలు అప్పటికే రెంచీ పట్టుకుని కుళాయి దగ్గర ఉన్నాడు. బకెట్టు గాలికి ఎటో దొర్లిపోయింది. అతను వెతకలేదు. కుళాయి తిప్పి, కింద నన్నే పెట్టాడు. మూరెడు గొట్టంలో వారమంతా తేలి నిలిచిన నూనె నాలోకి దిగింది. మూత బిగించి పెట్టెలో పడేసి జీపెక్కాడు. ఇంటి దగ్గర మంగాయమ్మను ఎక్కించుకున్నారు. అమలాపురం దాకా ఆమె ముందు సీట్లో, నేను వెనక. ఆమె ఊపిరి లాగడం నాకు వినిపిస్తూనే ఉంది. ఆ రోజు ఆమె బతికింది.

ల్యాబులో నన్ను చూసిన మనిషి పేరు హైమవతి. ఆమె చదివింది, పనిచేసింది అంతా ఆ జిగురు మందు మీదే. ఏ ఉప్పుకు ఏ జిగురు ఆగుతుంది, ఏ వేడికి విరిగిపోతుంది అని పరీక్షనాళికల ముందు కూర్చునేది. నడిమిలంక నీళ్ల బావిలో ఆ మందు వేసి చూడాలని ఆమె పైవాళ్లను అడుగుతూ వస్తోంది. ఆ రోజు నన్ను స్టాండులో పెట్టి, గీత పడ్డాక వంగి చూసింది. గీత నా నడుము కన్నా కిందికి దిగి ఉంది.

"ఇదేంటి, ఇంత బాగున్నావు?" అంది నాతో. మనుషులు ఒంటరిగా ఉన్నప్పుడు వస్తువులతో మాట్లాడతారు. జవాబు రాదని తెలుసు కాబట్టి మాట్లాడతారు.

తర్వాతి సోమవారం ఏలియా జీపు దిగకుండానే అరిచాడు.

"బాబాయ్! నీ బావి బతికిందంట! మేడం గారు సీసా అట్టుకెల్లి పెద్దసారుకి సూపించింది."

"ఎలా బతికిందిరా?"

"నాకేం తెల్సు? నీళ్లు తోత్తన్నారు కదా, నూని కదిలిందంట. నువ్వింక దిగుల్లేకుండా పడుకో."

ఏడుకొండలు ఏలియా వైపు చూశాడు, తర్వాత కుళాయి వైపు చూశాడు. అతనికి అర్థం కావడానికి ఎంతో సేపు పట్టలేదు. ఆ రోజు బకెట్టు తెచ్చి పక్కన పెట్టుకున్నాడు. కుళాయి మీద చెయ్యి వేశాడు. చెయ్యి తీశాడు. మళ్లీ వేశాడు. బకెట్టును కాలితో పక్కకు జరిపి, నన్ను పెట్టాడు.

ఆ తర్వాత బకెట్టు గేటు బయట బోర్లించి ఉండేది.

అతను దొంగ కాదు. నేను చాలామంది చేతుల్లో ఉన్నాను, చేతులు ఎలాంటివో నాకు తెలుస్తుంది. ఒక చుక్క నూనె కూడా అతను ఇంటికి తీసుకెళ్లలేదు. బావి బతికి ఉందని కాగితాల మీద ఉంటే చాలు, వారానికి రెండుసార్లు ఒక యంత్రం అతని భార్య రక్తాన్ని కడుగుతుంది. అతనికి కావలసింది అంతే. వదలవలసింది వదలకపోవడం వల్ల ఎవరికీ నష్టం లేదనే అతను అనుకున్నాడు. భూమి కింద ఎవరున్నారు, నష్టపోవడానికి?

ల్యాబులో మీటింగు జరిగింది. మమ్మల్ని ఆరింటినీ బల్ల మీద వరసగా పెట్టారు. అయిదింటిలో గీత మెడ దగ్గర ఉంది. నాలో నడుము దగ్గర ఉంది.

"జిగురు మందు ఇక్కడే వెయ్యాలి సార్," అంది హైమవతి. "నీళ్లు దారి చేసుకుంటున్నాయి. ఇప్పుడు నీళ్లు దించే రేటు తగ్గించి మందు కలిపితే ఇంకా కొన్నేళ్లు నూనె తియ్యొచ్చు."

పెద్దసారు నన్ను చేత్తో తట్టాడు. "ఆ నీళ్ల బావికి దగ్గర్లో ఉన్నది ఏడో బావే కదమ్మా? నీళ్లు దారి చేసుకుంటే ముందు కనపడాల్సింది ఇందులోనే. చూడు, ఎంత నూనె ఉందో. ఉత్త నీళ్లతోనే ఇంత బాగా తోస్తుంటే మందెందుకు? మందు వేరే ఫీల్డుకు పంపిద్దాం. ఇక్కడ రేటు పెంచండి."

హైమవతి నా వైపు చూసింది. ఆమె దగ్గర లెక్కలున్నాయి గాని, బల్ల మీద నేనున్నాను. మందు డ్రమ్ములు వేరే జిల్లాకు వెళ్లాయి. కాలువ అవతల పంపు చప్పుడు పెరిగింది.

ఆ చప్పుడు ఏడుకొండలు కూడా విన్నాడు. గేటు దగ్గర నిలబడి విన్నాడు. నీళ్లు ఎక్కువగా దించుతున్నారంటే తన బావికి ఇంకా బలం వస్తుందనుకున్నాడు. "గట్టిగా తోత్తన్నారు," అన్నాడు ఏలియాతో. అది అన్నప్పుడు అతని గొంతులో ఆశ ఉంది. నేను అతని చేతిలోనే ఉన్నాను.

స్టేషను ట్యాంకులో నూనె తగ్గుతూ వచ్చింది. కాగితాల మీద ఉన్నంత నూనె ట్యాంకులో లేదు. కొలిచే టేపు అరిగిపోయిందన్నారు. కొత్త టేపు తెప్పించారు. దానితో కొలిచినా అంతే ఉంది. ట్యాంకు అడుగున మడ్డి చేరిందన్నారు. సీసాను అనుమానించినవాళ్లు లేరు. సీసా అబద్ధం చెప్పదని వాళ్లందరికీ నమ్మకం. నిజానికి నేను చెప్పలేదు కూడా. నాలో పోసినదాన్నే చూపించాను.

మంగాయమ్మ ఒంట్లో బాగున్న రోజుల్లో ఇంకా క్యారేజీ తెచ్చేది. నడక తగ్గింది, దారిలో రెండు చోట్ల కూర్చుని వచ్చేది. ఒక సోమవారం ఆమె వచ్చేసరికి ఏడుకొండలు శాంపిల్ పడుతున్నాడు. ఆమె బోర్లించిన బకెట్టును చూసింది, కుళాయిని చూసింది.

"ఇదివరకు బకెట్లోకి ఒదిలేవోడివి కదా?"

"ఇప్పుడక్కర్లేదన్నారు."

"ఎవురు?"

అతను మూత అందుకున్నాడు. ఆమె చెట్టు కింద కూర్చుని, క్యారేజీ గిన్నెలు ఒక్కొక్కటే తీసింది.

"మన పాలోడు మీగడ పైకి తేల్చి సూపించి పోతాడు సూడు. గిన్నెలో పోసుకున్నాక తెలుత్తాది, కిందంతా నీళ్లేనని."

ఏడుకొండలు మూత బిగిస్తున్నవాడు ఆగాడు.

"తిను," అంది మంగాయమ్మ. "సల్లారిపోతంది."

ఆ విషయం వాళ్ల మధ్య మళ్లీ వచ్చినట్టు నేను వినలేదు.

కార్తీకమాసంలో ఆమె పోయింది. అమలాపురంలో, యంత్రం పక్కన. ఆ సోమవారం ఏలియా పెట్టెలో నా చోటు ఖాళీగా పెట్టుకుని వెళ్లాడు. నేను బావి దగ్గర షెడ్డులో ఉన్నాను. ఆ తర్వాతి సోమవారం కూడా అక్కడే ఉన్నాను. రెండు వారాలూ ఏడో బావి శాంపిల్ లేదు.

పెద్దకార్యం అయ్యాక ఏడుకొండలు వచ్చాడు. గుండు చేయించుకున్నాడు. గేటు బయట బోర్లించి ఉన్న బకెట్టును తిరగేశాడు. అందులో సాలీడు గూడు కట్టి ఉంది. దాన్ని తుడిచి, కుళాయి కింద పెట్టి, తిప్పాడు. ముందు నూనె వచ్చింది. వదిలాడు. తర్వాత కాఫీ రంగు వచ్చింది. వదిలాడు. తర్వాత నీళ్లు వచ్చాయి. అయినా వదులుతూనే ఉన్నాడు, నూనె మళ్లీ వస్తుందేమోనన్నట్టు. రాలేదు. అప్పుడు నన్ను పెట్టాడు.

ఆ రోజు ల్యాబులో గీత పడలేదు. మెడ లోపల గాజుకు అంటుకుని సన్నని వలయం ఒకటి ఉంది, అంతే.

హైమవతి నన్ను రెండుసార్లు కడిగించింది. మళ్లీ శాంపిల్ తెప్పించింది. అదే వచ్చింది. బావి ఏదైనా నెలలు నెలలుగా పోతుంది. రెండు వారాల్లో పోదు. ఆమె నన్ను ఒడిలో పెట్టుకుని ఏలియా జీపులో నడిమిలంక వచ్చింది.

ఏడుకొండలు కుర్చీ తెచ్చి వేశాడు. ఆమె కూర్చోలేదు.

"ఒకసారి నా ముందు శాంపిల్ పట్టండి," అంది.

అతను బకెట్టు పెట్టి, కుళాయి తిప్పి, వదిలి, పట్టాడు. ఆమె మొదటి నూనె బకెట్టులో పడడం చూసింది. తర్వాత నాలో నీళ్లు నిండడం చూసింది.

"ఇన్నాళ్లూ ఇలా వదల్లేదా?"

"లేదండి."

"ఎప్పటి నుంచి?"

"దానికి ఆయాసం వచ్చిన కాడ్నించండి. తెలిసి చేసేనండి. మొదటిసారే తెలవక." అతను తువ్వాలు తీసి చేతులు తుడుచుకున్నాడు. "కార్డు కోసవండి. ఇంకిప్పుడు దాంతో పన్లేదు కదండి. ఏం రాత్తారో రాసేయండి మేడంగారూ."

ఏలియా జీపు దగ్గర నిలబడి ఉన్నాడు. దగ్గరికి రాలేదు.

కాలువ అవతల పంపు నడుస్తోంది. హైమవతి తల తిప్పి అటు చూసింది. ఆ బల్లా, మా ఆరింటి వరసా, వేరే జిల్లాకు పోయిన డ్రమ్ములూ ఆమెకు గుర్తొచ్చి ఉంటాయి. నాకైతే గుర్తొచ్చాయి. ఆమె ఏళ్ల పని నా నడుము దగ్గరి గీత మీద ఆగిపోయింది. ఇప్పుడు ఆ గీత ఎలా పడిందో తెలిసింది. కోపం వస్తే రావలసిన సమయమే అది.

ఏడుకొండలు అడిగాడు.

"ఒక మాటండి. నేను మొదట్నించీ నిజంగా పట్టుంటే, ఈ బావి బతికేదాండి? మా నాన్న తోటండి ఇది. అందుకని అడుగుతున్నాను."

నిజం చెప్పాలంటే, బతికేది. రేటు తగ్గించి, మందు కలిపి ఉంటే ఇంకా కొన్నేళ్లు పారేది. పని ఉండేది, కార్డు ఉండేది. మంగాయమ్మ ఎన్నాళ్లు ఉండేదో ఎవరూ చెప్పలేరు గాని, కార్డు పోతుందన్న భయం ఆ ఇంట్లో ఉండేది కాదు. ఆమె కోసం అతను ఏ బావిని కాపాడాలనుకున్నాడో ఆ బావి మీదికే గట్టిగా నీళ్లు పంపించాడు. హైమవతికి అది తెలుసు. నాకు తెలుసు. మూడో మనిషికి తెలియదు.

"లేదండీ," అంది హైమవతి. "ఎలా పట్టినా ఇంతే. దీని నూనె అయిపోయింది."

ఏడుకొండలు తల ఊపాడు. "అంతేనండి. నేనూ అదే అనుకున్నానండి." అని ఊపిరి వదిలాడు. ఆ ఊపిరి ఎన్నాళ్ల నుంచి లోపల ఉందో నాకు తెలియదు.

వెళ్లబోతుంటే అతను మళ్లీ పిలిచాడు. "ఈ సీసా ఇంక మీకు పన్లేదు కదండి. నాకిచ్చేయండి."

ఆమె నన్ను అతని చేతికిచ్చింది. జీపెక్కాక ఏలియా ఆమెను ఏదో అడిగాడు. ఆమె కిటికీ వైపు తిరిగి కూర్చుంది.

బావిలో సిమెంటు దించారు. పైన ఇనప రేకు వేసి, దాని మీద ఏడు అంకె చెక్కారు. కంచె తీసేశారు, గేటు తీసుకెళ్లారు. కాలువ అవతల పంపు కూడా ఆగింది. నేలను ఏడుకొండలుకు అప్పగించారు. లారీలు తిరగడానికి పోసిన కంకర నేలలోనే ఉంది. దాని కింద మట్టి ఉప్పగా ఉంది. అతను గునపంతో కంకర తీసి, గోతులు తవ్వి, కొబ్బరిమొక్కలు పెట్టాడు. మొదట పెట్టినవి మాడిపోయాయి. మళ్లీ పెట్టాడు.

ఇప్పుడు నేను అతని గుమ్మం పక్కన ఉంటాను. నా ఒంటి మీద అంకె సగం చెరిగింది. రోజూ కుళాయి వచ్చే గంటలో అతను నన్ను చేత్తో పట్టుకుని వెళతాడు. మొక్కలకు మంచినీళ్లు లీటరు చొప్పున మోస్తాడు. బిందె పట్టుకెళ్లవచ్చు గదా అని చాలామంది చెప్పారు. వినడు.

వరసలో తన వంతు వచ్చాక అతను కుళాయి తిప్పుతాడు. తిప్పి, నన్ను వెంటనే పెట్టడు. నీళ్లను కింద రాతి మీదికి వదులుతాడు. గొంతుక్కూర్చుని చూస్తూ వదులుతాడు.

"ఏటయ్యా ఏడుకొండలూ, అలా పారబోత్తావు?" అంటారు వెనకున్న ఆడవాళ్లు. "ఉన్న గంటా నీకే సరిపోతే మేం ఏం తాగాలి?"

"మంగాయమ్మ పోయిన కాడ్నించీ ఇంతే ఈయన," అంటుంది పక్కింటి ఆమె. "ఒదిలేయండి."

నిలిచిన నీళ్లు పోయి, పారే నీళ్లు వచ్చాయని తనకు నమ్మకం కుదిరాక అతను నన్ను కుళాయి కింద పెడతాడు. నిండాక ఎత్తి, వెలుతురుకు పట్టి చూస్తాడు. నాలో ఉండేది నీళ్లే. అయినా నా మెడ దగ్గర గీత ఏదైనా పడుతుందేమోనని కాసేపు ఆగుతాడు. తర్వాత తోట వైపు నడుస్తాడు.